రెండు పాదాలూ నేలకు ఆనవలెను

మధ్యలో నవ్వనని మాటిస్తేనే చెబుతాను. మాటివ్వకపోయినా చెబుతాను లెండి. మా కంపెనీ బస్సులో నలభై రెండు సీట్లవాళ్లకూ ఇప్పటికే తెలిసిపోయింది, మిగిలింది మీరొక్కరే.

గుమ్మడిదల దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో, నాణ్యత విభాగంలో నాకు ఉద్యోగం. మందులు చెయ్యడం నా పని కాదు. చేసినవాళ్లు చేసినట్టు కాగితం మీద రాశారా లేదా అని చూడటం నా పని. మా దగ్గర కాగితం మీద లేనిది జరగనట్టే. ఒకసారి మెయింటెనెన్సు మల్లేష్ మెట్ల మీంచి జారిపడి, లేచి, మోకాలు దులుపుకుంటూ తిన్నగా నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఫారం రాసేదాక నేను పడ్డట్టా, పడనట్టా?" అని అడిగాడు.

పడనట్టే అన్నాను. కుంటుకుంటూ వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి జైపాల్ అనే నా పేరు పోయి ఫారం పాల్ అనే పేరు స్థిరపడింది.

ఇంత కట్టుదిట్టమైన మనిషికి ఒక కల ఉందంటే మీరు నమ్మరు. రోజూ పొద్దున ఆరున్నరకు పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో కంపెనీ బస్సు ఎక్కుతాను. కుడివైపు మూడో కిటికీ నాది. బస్సు పటాన్‌చెరు దిక్కు పోతుంటే అవతలి రోడ్డు ముంబై దిక్కు పోతుంటుంది. రోడ్డు ఎక్కడికీ పోదని నాకూ తెలుసు. కానీ ఆ వేళకు, ఫ్యాక్టరీల పొగా మంచూ కలిసిపోయి ఏది ఏదో తెలియనప్పుడు, అది నిజంగానే కదిలి పోతున్నట్టు ఉంటుంది.

శనివారాలు ఆ మంచులోంచి బండ్లు వచ్చేవి. ఎత్తైన బండ్లు. ముందు మడ్‌గార్డు పక్షి ముక్కులా పొడుచుకొచ్చి, వెనక రెండు పక్కలా పెట్టెలు బిగించి, మట్టికీ తారుకూ రెంటికీ పనికొచ్చే బండ్లు. అడ్వెంచర్ టూరర్ అంటారట. నడిపేవాడు ఒక చెయ్యి పైకెత్తి ఊపుతూ వెళ్లిపోయేవాడు. ఎదురొచ్చే లారీవాళ్లకు ఊపాడేమో, నేను మాత్రం నాకే అనుకునేవాణ్ణి.

ఆ రోడ్డు చివర సముద్రం ఉంది. నలభై ఏడేళ్లలో ఆ దిక్కుకు నేను వెళ్లింది జహీరాబాద్ దాకా, అదీ పెళ్లికి, అదీ నిద్రపోతూ. ఒక్కసారి, మధ్యలో వెనక్కి తిరగకుండా, రోడ్డు అయిపోయేదాకా పోయి చూడాలని నా కోరిక. అంతకుమించి జీవితంలో నేనేమీ అడగలేదు. కిటికీకి తల ఆనించి రోజూ బయల్దేరేవాణ్ణి. షోలాపూర్ దాటేసరికి ముత్తంగి వచ్చేది. పుణె దాటి ఘాట్ దిగుతుండగా డ్రైవర్ సత్తయ్య బ్రేకు కొట్టి "దిగుండ్రి సార్, గేటొచ్చింది" అనేవాడు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా సత్తయ్య నన్ను సముద్రం చూడనివ్వలేదు.

ఇక మా ఆవిడ సుకుమారి. పేరు విని మోసపోకండి. ఐదడుగుల ఏడంగుళాల మనిషి, కొండాపూర్ మండలంలో ఒక పల్లె హైస్కూల్లో లెక్కల టీచరు. నేను ఐదూ మూడు. మా పెళ్లి ఫొటోలో మాత్రం నేను ఆమెకంటే పొడుగ్గా ఉంటాను. చర్చిలో హార్మోనియం పెట్టుకునే పీట ఆ రోజు నా కింద ఉంది. హార్మోనియం నేల మీద ఉంది.

ఇంట్లో ఒక పాత స్కూటరు ఉంది. ఆదివారం దాని మీదే గుడికి పోతాం, మా దగ్గర చర్చిని గుడి అనే అంటాం. నేను నడుపుతాను, ఆమె పక్కకు తిరిగి కూర్చుంటుంది. ఎదురుగా వచ్చేవాళ్లకు నా హెల్మెట్ మీద మమ్మీ తల మొలిచినట్టు కనిపిస్తుందని మా అమ్మాయి క్లారా అంటుంది. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, తల్లి ఎత్తు, తల్లి నోరు.

స్కూటరు పాతబడింది, కొత్తది కొనాలి అనే మాట ఇంట్లో వచ్చింది. సుకుమారి దృష్టిలో కొత్త బండి అంటే ఇంకో స్కూటరు. నా దృష్టిలో కొత్త బండి అంటే సముద్రం. ఈ రెంటికీ మధ్య వంతెన కట్టడానికి నాకు తెలిసిన విద్య ఒక్కటే. ఫారం.

మా ఫ్యాక్టరీలో యంత్రం కొనాలంటే ముందు "వాడుకునేవారి అవసరాల పత్రం" రాయాలి. ఎవరికి కావాలి, ఎందుకు కావాలి, ఏమేం ఉండాలి, అన్నీ రాసి వాడుకునేవారు సంతకం పెట్టాలి. పెట్టాక ఇక ఎవరూ కాదనడానికి లేదు. నా పథకం తేలిక. నాకు కావలసిన బండికి సరిపోయే అవసరాలు నేనే రాస్తాను, సుకుమారి చేత సంతకం పెట్టిస్తాను. తర్వాత ఆమె కాదంటే తన సంతకాన్ని తనే కాదన్నట్టు.

ఆదివారం గుడి నుంచి వచ్చి, కోడికూర తిని, ఆమె ముఖం ప్రసన్నంగా ఉన్నప్పుడు కాగితం తీశాను.

"బండి కొందామంటున్నవు గదా. ముందుగాల అవసరం రాసుకోవాలె, తర్వాతనే బండి. కంపెనీల గట్లనే చేస్తం," అన్నాను.

"కూరల ఉప్పు తక్కువైతే గూడ ఫారం రాస్తవా ఏంది?"

"రాస్తే మళ్లా తక్కువ గాదు."

ఆ రోజు కూరలో ఉప్పు నిజంగానే తక్కువ. ఇద్దరం దాన్ని అక్కడితో వదిలేశాం.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. ఎందుకు అనే గడిలో "సుకుమారి గారు బడికి వేళకు చేరుటకు" అని రాసి ఉంది. నిజానికి ఆమెకది రోజూ తిప్పలే. ఒక బస్సు, తర్వాత ఒక ఆటో, ఆటో దొరక్కపోతే రెండు కిలోమీటర్ల నడక.

"నన్ను బడికి ఎవరు తీస్కపోతరు?"

"నేనే."

"నువ్వు ఆరున్నరకే బస్సెక్కుతవు. మా బడి తొమ్మిదింటికి. రెండున్నర గంటలు గేటు కాడ కూసొని కుక్కలకు ఎక్కాలు చెప్పాల్నా?"

"లీవు పెడ్తా."

"రోజూనా?"

"అవసరమున్న రోజు. నువ్వు ముందుకు చదువు జెర."

ముందుకు చదివింది. బడి దగ్గరి గుంతల రోడ్డుకు తట్టుకోవాలని రాశాను, అంటే స్కూటరు పోయింది. ఒక ట్యాంకు పెట్రోలు మీద మూడువందల యాభై కిలోమీటర్లు పోవాలని రాశాను.

"బడి పద్దెనిమిది కిలోమీటర్లే గదా," అంది.

"బంకులో లైన్ల నిలబడే పరేషాన్ తప్పుతది."

రెండు పక్కల పెట్టెల్లో పరీక్ష పేపర్ల కట్టలు పట్టాలి. వెనక కూర్చున్నవాళ్లకు నడుము పట్టెయ్యకూడదు. సర్వీసు పటాన్‌చెరులో దొరకాలి. ఇవన్నీ రాశాక, నేను ఆమె క్షేమం కోరే మనిషినని తెలియడానికి భద్రత కింద రెండు అంశాలు చేర్చాను. ఒకటి, బండి పడితే ఒక్కరే లేపగలగాలి. రెండోది నేను చాలా ముచ్చటపడి రాసిన వాక్యం. "బండి నిలిపినప్పుడు నడుపువారి రెండు పాదాలూ నేలకు ఆనవలెను."

ఇలాంటి వాక్యం రాశాక పెన్ను కింద పెట్టి కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంటాం. నేనూ కూర్చున్నాను. ఆ సమయంలో నా కాళ్ల పొడుగు నాకు గుర్తుకు రాలేదు.

"వాడుకునేవారు అంటే ఎవరు?" అని అడిగింది సుకుమారి.

"నువ్వే. బడికి పోయేది నువ్వే గదా."

"మరి నువ్వు?"

"నేను తనిఖీ చేసేటోణ్ణి. కింద గడి నాది."

"మీ కంపెనీల గీ పై గడిల సంతకం పెట్టినోళ్లకు ఏమొస్తది?"

ప్రశ్న అడిగితే నేను ఆగలేను. ఆ గడిలో సంతకం ఉన్నవాళ్లదే యంత్రమనీ, వాళ్లు ఒప్పుకోకుండా ఎండీ గారైనా మీట నొక్కకూడదనీ, ఈ నిబంధన రాసింది నేనేననీ గర్వంగా చెప్పాను. ఆమె ఒక చిన్న నవ్వు నవ్వి సంతకం పెట్టింది. ఫ్యాక్టరీకి తనిఖీ అధికారులు వచ్చి, తప్పు దొరికాక, చెప్పబోయే ముందు సరిగ్గా అలాగే నవ్వుతారు. ఇంట్లో కాబట్టి నేను గుర్తుపట్టలేదు.

మరుసటి ఆదివారం సాయంత్రం పటాన్‌చెరులో మొదటి షోరూం. అక్కడి సేల్స్ అబ్బాయి సాయికిరణ్‌కు ప్రతి మాటకూ రెండు సార్‌లు. "సార్ ఇది సార్ మనకు హిమాలయాలకు పోతది సార్" అంటూ ఒక బండి చూపించాడు. అది షోరూంలోనే హిమాలయం మీద ఉన్నట్టుంది. దానికి నేను జిరాఫీ అని పేరు పెట్టుకున్నాను.

ఎక్కడం ఎక్కాను. పైన చాలా బాగుంది. గాలి కూడా వేరుగా ఉంది. హ్యాండిల్ పట్టుకుని అద్దంలోంచి బయటికి చూస్తే షోరూం ఎదుటి ఫ్లెక్సీలు మాయమై, అటుపక్క ఏదో నీలంగా మెరిసినట్టనిపించింది.

"సార్ స్టాండ్ తీయమంటారా సార్?"

తీశాడు. నా కుడికాలు నేలను వెతికింది, ఎడమకాలు నేలను వెతికింది, రెంటికీ దొరకలేదు. బండి మెల్లగా ఒరుగుతుంటే సుకుమారి ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో నా చొక్కా కాలరు పట్టుకుంది.

"క్లారా డాడీ, ఫారంల ఏమని రాసినవ్?"

"ఆనవలెను."

"ఆనినయా?"

"ఇంక జెర ఉన్నది."

ఆ పై ఆదివారం ఇంకో దుకాణం. అక్కడి బండి పొట్టిది, కాళ్లు దాదాపు ఆనాయి. కానీ అది బర్రె. రెండువందల ఇరవై కిలోలు. పక్కకు వంచి లేపి చూపించమంది సుకుమారి. వంచడం నేనొక్కణ్ణే చేశాను, లేపడానికి నలుగురు వచ్చారు. ఆ వారమంతా నడుముకు మందు రాసుకుంటూ ఫ్యాక్టరీకి పోయాను, మా ఫ్యాక్టరీ మందే.

మూడో బండి మళ్లీ సాయికిరణ్ దగ్గరే దొరికింది. జిరాఫీ కాదు, బర్రె కాదు. మేక లాంటిది. నూట ఎనభై చిల్లర కిలోలు, పదిహేడు లీటర్ల ట్యాంకు, ఎక్కడికైనా ఎక్కేసే చక్రాలు, మట్టి రంగు. ఎక్కువ గొప్పా కాదు, ఏ విషయంలోనూ తక్కువా కాదు. చూడగానే వెళ్లి హ్యాండిల్ పట్టుకున్నాను. ఏడు అంశాల్లో ఆరు పాసు. మిగిలిన ఆ ఒక్కటీ మీకు తెలిసిందే.

ఇంటికొచ్చి సుకుమారి బ్లాక్‌బోర్డు స్కేలుతో నా కాలు కొలిచింది.

"సీటు ఎనభై మూడున్నర. మనిషి కూసుంటే మూడు దిగుతది, ఎనభైన్నర. నీ కాలు డెబ్బై రెండు. ఎనిమిదిన్నర సెంటీమీటర్లు నువ్వు గాలిల ఉంటవు."

గాలిలో ఉండటానికి నాకేమీ అభ్యంతరం లేదు. కానీ ఫారం ఒప్పుకోదు. దాన్ని దిద్దుదామంటే వాడుకునేవారి సంతకం కావాలి. వాడుకునేవారు వంటింట్లో సన్నగా పాట పాడుకుంటూ ఉన్నారు.

అప్పుడే మల్లేష్ గుర్తొచ్చాడు. నా సేఫ్టీ బూట్లు తీసుకెళ్లి, పాత కన్వేయర్ బెల్టు రబ్బరు ముక్కలు కోసి, పొరల మీద పొరలు అంటించి, సరిగ్గా ఎనిమిదిన్నర సెంటీమీటర్ల అడుగు వేసి తెచ్చాడు.

"అన్నా, దీనికి ఫారం?"

"వద్దు."

మల్లేష్ నన్ను మొదటిసారి భయంగా చూశాడు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో కాగితం లేకుండా నేను చేసిన మొదటి పని అది. అందుకే దాని ఫలితం అలా వచ్చిందని ఇప్పటికీ అనుకుంటాను.

టెస్ట్ రైడ్ రోజు పొడుగు ప్యాంటు వేసి బూట్లు కప్పేశాను. ముగ్గురం బయల్దేరుతుంటే క్లారా నన్ను కిందికీ పైకీ చూసి, "డాడీ, ఒక్క వారంల బాగ పెరిగినవ్" అంది. సుకుమారి ఆ రోజు చీర కట్టలేదు. చుడీదార్ వేసుకుని, బడిలో ఆటల పోటీల రోజు వేసుకునే బూట్లు వేసుకుంది. ఎందుకో అనుకున్నాను, అనుకుని ఊరుకున్నాను.

ఇస్నాపూర్ దగ్గర సర్వీసు రోడ్డు మీద ట్రయల్. సాయికిరణ్ నా లైసెన్సు చూసి తాళం ఇచ్చాడు. సుకుమారి, క్లారా రోడ్డు పక్కన సీతాఫలాలు అమ్మే ముత్యమ్మ గంప దగ్గర నిలబడ్డారు. ఒక చుట్టు తిరిగొచ్చి, వాళ్ల ముందు ఆగి, రెండు పాదాలూ నేలకు ఆనించి చూపించడమే ఇక మిగిలిన పని.

ఆ చుట్టు గురించి అడగకండి. చెబితే తరగదు. బండి కదిలితే నేల అవసరం లేదని అప్పుడు తెలిసింది. గుంతలు బండి కింద ఎక్కడో వేరే ఊళ్లో ఉన్నట్టు ఉన్నాయి. మెయిన్ రోడ్డు మీద మా కంపెనీ బస్సు లాంటిది ఒకటి ఎదురొస్తే చెయ్యెత్తి ఊపాను. మూడో కిటికీలో నాలాంటివాడు ఎవడైనా ఉండి ఉంటాడు.

అదే కలలో వెనక్కి వచ్చి వాళ్ల ముందు ఆపాను. కుడికాలు ఆనింది. ఎడమకాలు కూడా ఆనింది. సాయికిరణ్ చప్పట్లు కొట్టబోయాడు. అప్పుడు ఎడమ బూటు అడుగు పొరలు పొరలుగా విడిపోవడం మొదలైంది. ఒక్కో పొర జారుతుంటే ఒక్కో అంగుళం కిందికి దిగాను. అంత నెమ్మదిగా పడిన మనిషి సంగారెడ్డి జిల్లాలో ఇంకెవరూ ఉండరు. ఆకాశం వంకరగా అయింది, క్లారా నోరు తెరిచింది, చివరికి నేనూ మేకా కలిసి ముత్యమ్మ సీతాఫలాల మీద మెత్తగా పవళించాం.

"అయ్యో, నా పండ్లు! కాలు పెట్టి ఆపరాదా బిడ్డా, కాలు లేదా నీకు?" అని ముత్యమ్మ అరిచింది.

"కాలున్నదమ్మా. బూటు పోయింది."

సుకుమారి నన్ను ఒక పక్కకు లాగింది. పగిలిన పండ్లన్నీ తీసుకుంటామని ముత్యమ్మకు చెప్పి, క్లారాను సంచులు పట్టమంది. తర్వాత బండి వైపు వీపు తిప్పింది. సీటు అంచు ఒక చేత్తో, హ్యాండిల్ ఒక చేత్తో పట్టుకుని, వీపు ఆనించి, మోకాళ్ల బలంతో నాలుగు అడుగులు వెనక్కి నడిచింది. బండి లేచి నిలబడింది. ఎవరూ రాలేదు, ఎవరినీ పిలవలేదు.

కాలు అటు వేసి కూర్చుంది. రెండు పాదాలూ నేలకు ఆనాయి.

"మేడం లైసెన్స్ మేడం..." అని సాయికిరణ్ గొణిగాడు. ఆమె పర్సులోంచి తీసి ఇచ్చింది. నేను క్లారా వైపు చూశాను.

"పోయిన నెలనే రెన్యూ చేయించినం డాడీ. నువ్వు ఫారం మీద సంతకం పెట్టించిన తెల్లారే," అని క్లారా సీతాఫలం గింజలు ఉమ్మింది.

సుకుమారి వెళ్లింది. గుంతలు వచ్చిన చోట కాళ్లు పెట్టుకునే పెగ్గుల మీద లేచి నిలబడి నడిపింది. సాయికిరణ్ వెంట బండి తెచ్చిన షోరూం మెకానిక్, బీహార్ అతను, చేతిలో పాన వదిలేసి "అరే వాహ్, మేడంజీ తో ఉస్తాద్ హై!" అన్నాడు. ఆమె అంత దూరం వెళ్లి చిన్నదై, మళ్లీ తిరిగి పెద్దదై వస్తుంటే నేను ఒక కాలు పొడుగ్గా, ఒక కాలు పొట్టిగా నిలబడి చూస్తూనే ఉన్నాను.

"నీకు బండి ఎట్లొచ్చు?" అన్నాను ఆమె ఆగగానే.

"మా నాయిన బండి ఎవరు నడిపిండ్రనుకుంటున్నవు?"

వాళ్ల నాయిన అంజయ్య గారు ఉపదేశి. ఏడు పల్లెలు తిరిగి ప్రార్థనలు పెట్టేవారు. ఆయనకు ఒక బరువైన పాత మోటారుసైకిలు ఉండేదని నాకు తెలుసు. చూపు మందగించిందనీ తెలుసు. చూపు లేని మనిషి కాలవగట్ల మీద ఏడు పల్లెలు ఎలా తిరిగాడని నేను ఎన్నడూ అనుకోలేదు.

"నాకెన్నడు చెప్పలేదేంది?"

"నువ్వెన్నడు అడగలే." అద్దం తుడుస్తూ అంది. "పెండ్లైన కొత్తల మీ అమ్మ చెప్పింది, సంఘపోళ్లు చూస్తే బాగుండదు, పక్కకు తిరిగి కూసో బిడ్డా అని. కూసున్న. ఇరవై ఏండ్ల సంది రోడ్డుకు ఎడమపక్క ఏమేమున్నదో కండ్లు మూసుకొని చెప్తా. కుడిపక్క ఏమున్నదో నాకు తెల్వదు. ముందట ఏమున్నదో అసలే తెల్వదు."

నాకు సిగ్గేసింది. ఫ్యాక్టరీలో మూడువందల మంది ఏం చేశారో, ఏ నిమిషంలో చేశారో అన్నీ అడిగి రాయించే మనిషిని, ఇంట్లో ఒక్క మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు. నా కిటికీ కుడివైపుది. ఒకే రోడ్డును ఇరవై ఏళ్లుగా ఇద్దరం చెరో సగం చూశామన్నమాట.

సిగ్గయితే వేసింది గానీ, కల అంత తేలిగ్గా చస్తుందా? షోరూంకు వెళ్లాక మెల్లగా అన్నాను. "సరే, బడికి నువ్వు నడుపు. సెలవులల్ల సముద్రానికి నేను నడుపుత."

సుకుమారి పర్సులోంచి ఫారం తీసి టేబుల్ మీద పరిచింది. "వాడుకునేటోళ్లు ఎవరు?"

"నువ్వు."

"వాళ్లు ఒప్పుకోంది?"

"ఎండీ గారైనా మీట నొక్కరాదు."

"గీ రూలు ఎవరు రాసిండ్రు?"

సాయికిరణ్ కూడా నా వైపు ఆసక్తిగా చూశాడు. నేనే అని ఒప్పుకున్నాను. ఏడుకు ఏడు పాసు. కింది గడిలో నేను తనిఖీ సంతకం పెట్టాను.

బండి ఇంటికొచ్చాక మొదటి ఆదివారం గుడి దగ్గరికి తీసుకెళ్లాం. ఆరాధన అయ్యాక మా పాస్టరు రాబిన్ అయ్యగారు కొత్త బండికి ప్రార్థన చెయ్యడానికి బయటికి వచ్చారు. సంఘమంతా చుట్టూ నిలబడింది. అంతమంది ముందు ఒక్క అవకాశం ఉందేమోనని నేను హెల్మెట్ పెట్టుకునే నిలబడ్డాను.

"నడిపే చేతులు ముందుకు చాపాలె," అన్నారు అయ్యగారు.

నేను చాపేశాను. స్త్రీల సమాజం పెద్ద నర్సింహమ్మ నా చేతుల్ని నెమ్మదిగా కిందికి దించింది. "నీయి గాదు బిడ్డా. అంజయ్య ఉపదేశి బండి గూడ మా సుకుమారే నడిపేది, గా సంగతి ఎవరికి తెల్వది?"

ఎవరికి తెలియదో అందరూ చూశారు. అయ్యగారు సుకుమారి చేతుల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించి, ఆమెన్ అనబోతూ నన్ను చూసి జాలిపడి, "వెనుక కూర్చుండు నీ కుమారుని కూడా కాపాడుము" అని కలిపారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది క్లారా.

ఇప్పుడు రోజూ ఆమె బండి మీదే బడికి పోతుంది. పేపర్ల కట్టలు పెట్టెల్లో పడుతున్నాయి, నడుము పట్టెయ్యడం లేదు. నేను ఫారంలో రాసిన అబద్ధం ఒక్కటీ అబద్ధంగా మిగల్లేదు.

దసరా సెలవులు వచ్చాయి. ఒక పొద్దున నేను లీవు పెట్టి, ఎక్కాల్సిన బస్సు లేక ఇంట్లో ఏం చెయ్యాలో తోచక కూర్చుంటే సుకుమారి రెండు హెల్మెట్లు పట్టుకొచ్చింది.

"లే. సముద్రం అంటివి గదా. ఎటు? గీ రోడ్డే అటు పోతే బందరు సముద్రం వస్తది. లెక్కకు అదే దగ్గర."

"అది కంపెనీ బస్సు పోయే దిక్కు. ఆ దిక్కుకు పోతే నాకు డ్యూటీకి పోయినట్టుంటది."

ఒక్క క్షణం ఆలోచించి, లెక్కల టీచరు జీవితంలో మొదటిసారి దూరం ఎక్కువైన దారికి ఒప్పుకుంది.

పోతిరెడ్డిపల్లి దాటాక నేను చూసింది ఏమిటో చెబుతాను. ఎడమపక్క అంతా చూశాను, కుడిపక్క అంతా చూశాను. ముందు మాత్రం సుకుమారి వీపు. జహీరాబాద్‌ను మొదటిసారి మెలకువగా చూశాను. షోలాపూర్‌లో ముత్తంగి రాలేదు. ఒక రాత్రి అక్కడ ఆగి, మర్నాడు పుణె దాటి పాత ఘాట్ రోడ్డు దిగుతుంటే, ఎవరూ బ్రేకు కొట్టి గేటొచ్చిందని అనలేదు. మంచు మా కిందికి వెళ్లిపోయింది. ఎదురుగా ఒక బస్సు వస్తే సుకుమారి చెయ్యెత్తి ఊపింది. ఆమె వీపుకు తల ఆనించాను. నా కిటికీ కంటే అది వెచ్చగా ఉంది.

సాయంత్రానికి జాలర్ల ఊరు ఒకటి వచ్చింది. ఇళ్ల మధ్య రోడ్డు సన్నబడి, సన్నబడి, ఇసకలో కలిసిపోయింది. బండి ఆగింది.

"రోడ్డు అయిపోయింది," అంది సుకుమారి.

"ఏమున్నది ముందట?"

"నేను చెప్పుడెందుకు? దిగి చూడు."

దిగాను. ఇసకలో రెండు పాదాలూ పూర్తిగా, మడమల దాకా ఆనాయి. ఆమె వెనక నుంచి పక్కకు జరిగి చూశాను. అంత నీళ్లు ఉంటాయని నేను అనుకోలేదు. కళ్లు చెమర్చాయి. ఉప్పు గాలి అని చెప్పాను. ఆమె కూడా అదే చెప్పింది.

పొద్దు నీళ్లలోకి దిగేదాకా ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. అన్నీ దొరికిన మనిషికి కొంచెం ఆశ పుడుతుంది కదా. "తిరిగి పోయేటప్పుడు నేను నడుపనా?" అన్నాను.

సుకుమారి సముద్రం మీంచి కళ్లు తిప్పకుండా అడిగింది.

"హార్మోనియం పీట తెచ్చుకున్నవా?"

ఇంట్లో మరిచిపోయానని చెప్పి, బూట్లలో ఇసక దులుపుకుని, వెనక సీటెక్కాను.